మైలేజీ చూసి కొనాలా, నడిపితే వచ్చే ఆనందం చూసి కొనాలా? మహబూబ్‌నగర్ నుంచి అడుగుతున్నా

పాలమూరు_స్టీరింగ్:

అందరికీ నమస్తే. నెల రోజులుగా ఇదే ఆలోచన, ఎటూ తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. నా దగ్గర ఉన్నది 2012 స్విఫ్ట్ డీజిల్. 1.3 లీటర్ల ఇంజన్, 75 హార్స్‌పవర్. రెండు వేల ఆర్‌పీఎం దాటాక ఆ టర్బో వెనకనుంచి నెట్టినట్టు ఒక ఊపు ఇస్తుంది చూడండి, అది నాకు ఇప్పటికీ మొదటి రోజు లాగే ఉంటుంది. లక్షా తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. సస్పెన్షన్ వదులైంది, ఈ ఎండాకాలం ఏసీ రెండుసార్లు ఆగిపోయింది, ఇంట్లో అందరూ ఇక మార్చేయమంటున్నారు. మారుతి 2020 ఏప్రిల్‌లోనే డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి మళ్లీ అలాంటిదే కొనే దారి లేదు.

నా తిరుగుడు ఇది. మహబూబ్‌నగర్‌లో ఇల్లు, పోలేపల్లి సెజ్‌లో ఉద్యోగం. జడ్చర్ల మీదుగా రోజూ రానూ పోనూ నలభై, నలభై ఐదు కిలోమీటర్లు. నెలకోసారి మిర్యాలగూడ, అత్తగారిల్లు. కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా పోతాం, పిల్లలతో ఆగుతూ వెళ్తే నాలుగు గంటలు. ఏడాదికి రెండుసార్లు శ్రీశైలం. అన్నీ కలిపితే పదిహేను వేల కిలోమీటర్లు అవుతాయి.

రెండు కార్ల దగ్గర ఆగిపోయాను. ఒకటి టొయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉండే బండి, కంపెనీ చెప్పే మైలేజీ 27.97. రెండోది ఫోక్స్‌వాగన్ వర్టస్ 1.0 టర్బో మాన్యువల్, 115 హార్స్‌పవర్, 178 ఎన్ఎం టార్క్ (లాగే బలం), కంపెనీ లెక్క 19కి కొంచెం పైన. నాకు చెప్పిన ఆన్‌రోడ్ ధరల ప్రకారం హైబ్రిడ్ దాదాపు రెండున్నర లక్షలు ఎక్కువ. రెండూ ఒకసారి నడిపాను. హైబ్రిడ్ ఊర్లో ఎంత నిశ్శబ్దంగా పోయిందంటే ఇంజన్ ఆన్ అయిందా లేదా అని రెండుసార్లు చూసుకున్నాను. కానీ హైవే ఎక్కి గట్టిగా తొక్కితే ముందు మోత వస్తోంది, వేగం తర్వాత వస్తోంది. వర్టస్ దిగాక మాత్రం ఇంటికి పోబుద్ధి కాలేదు, ఇంకో రౌండ్ ఇస్తారా అని అడిగాను.

అసలు కష్టం ఇంట్లో. మా నాయన ఆర్టీసీలో ముప్పై ఏళ్లు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. అక్కడ డ్రైవర్‌ను కేఎంపీఎల్ చూసే లెక్కిస్తారు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు లాగాడు అనేదే మాట. ఆయనకు 28, 19 అనే రెండు అంకెలు చెప్పగానే "ఇంకేం ఆలోచిస్తున్నవ్" అన్నారు. ఆయన మాట కొట్టిపారేయలేను, డ్రైవింగ్ నేర్పింది ఆయనే. కానీ పదేళ్లు రోజూ స్టీరింగ్ పట్టుకునేది నేను. తొమ్మిది గంటల డ్యూటీ చేసి ఇంటికి వచ్చే ఆ అరగంట నాకు చాలా ముఖ్యం. మీరైతే ఏం చేస్తారు?

నల్లగొండ_లెక్కలు:

అన్నా, ముందు రూపాయల్లోకి మార్చి చూద్దాం, కిలోమీటర్లలో చూస్తే కళ్లు మోసపోతాయి. 28, 19 రెండూ ల్యాబ్ అంకెలు. బండిని రోలర్ల మీద పెట్టి, ఏసీ వేయకుండా, ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి తీస్తారు, అందులో వేగం 90 దాటదు. మన పాలమూరు ఎండలో ఏసీ లేకుండా ఎవరు నడుపుతారు? నీ దారిలో హైబ్రిడ్‌కు 22, టర్బోకు 15 వస్తుందని పెట్టుకుందాం. పదిహేను వేల కిలోమీటర్లకు ఒకదానికి 682 లీటర్లు, ఇంకోదానికి వెయ్యి లీటర్లు. తేడా 318 లీటర్లు. పెట్రోల్ 107 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 34 వేలు, నెలకు 2,800 చిల్లర.

ఇప్పుడు ఆ రెండున్నర లక్షలను 34 వేలతో భాగించు. ఏడేళ్లకు పైనే పడుతుంది. అంటే ఏడేళ్ల దాకా నువ్వు మిగిల్చేది పెట్రోల్ డబ్బు కాదు, షోరూమ్‌లో ముందే కట్టిన డబ్బును నెలనెలా వెనక్కి తెచ్చుకుంటున్నావు అంతే. లోన్ తీసుకుంటే వడ్డీ కూడా కలుపు, ఇంకా వెనక్కి పోతుంది. బాపుకు ఈ లెక్క కాగితం మీద రాసి చూపించు. ఆర్టీసీ బస్సు రోజుకు మూడు వందల కిలోమీటర్లు తిరుగుతుంది కాబట్టి అక్కడ కేఎంపీఎల్‌లో అర పాయింటు కూడా పెద్ద డబ్బు. నువ్వు తిరిగేది దానిలో ఏడో వంతు కూడా లేదు.

ఇంకో మాట, ఇది చాలామంది పట్టించుకోరు. లీటరుకు 10 ఇచ్చే బండి 12 ఇస్తే వెయ్యి కిలోమీటర్లకు 17 లీటర్లు మిగులుతాయి. 22 ఇచ్చేది 27 ఇస్తే మిగిలేది ఎనిమిదిన్నర లీటర్లే. పై అంకెల దగ్గర ఐదు పెరిగినా కింద రెండు పెరిగినంత లాభం ఉండదు. అందుకే 20 దాటాక నేను మైలేజీ కోసం కొట్టుకోను. కానీ 11, 12 ఇచ్చే బండి జోలికి మాత్రం పోను.

మిర్యాలగూడ_డీజిల్:

పై లెక్క కరెక్టే, కానీ అది మీ తిరుగుడుకు మాత్రమే. నాది బియ్యం వ్యాపారం, మిర్యాలగూడ నుంచి సూర్యాపేట, కోదాడ, వారానికి రెండుసార్లు హైదరాబాద్, ఏడాదికి ముప్పై ఐదు వేలు దాటుతుంది. నాలాంటి వాడికి మైలేజీ అంటే జీతం లాంటిది. అయినా నేను హైబ్రిడ్ తీసుకోలేదు, డీజిల్ తీసుకున్నాను. ఎందుకంటే హైబ్రిడ్ గొప్పతనం బ్రేక్ వేసిన ప్రతిసారీ కరెంటు వెనక్కి తీసుకోవడంలో ఉంది, ఆగుతూ పోతూ ఉండే ట్రాఫిక్‌లో దానికి సాటి లేదు. నార్కట్‌పల్లి దాటాక ఒకే వేగంతో చాలా దూరం పోయే చోట బ్రేక్ ఎక్కడ వేస్తాం? అక్కడ పని చేసేది ఇంజనే. డీజిల్ అక్కడ లీటరుకు 19, 20 ఇస్తోంది, లీటరు ధర కూడా పెట్రోల్ కంటే పది రూపాయల పైన తక్కువ.

మీ స్విఫ్ట్ ఊపు నాకు బాగా తెలుసు, నేనూ అదే ఇంజన్ నడిపాను. ఇప్పటి 1.5 డీజిళ్లు 115 హార్స్‌పవర్ చుట్టూ ఉన్నాయి, టార్క్ 250 ఎన్ఎం, కొన్నింట్లో 300. మీకు కావలసింది ఆ నెట్టుడే అయితే కియా సోనెట్ డీజిల్ గానీ, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ డీజిల్ గానీ ఒకసారి నడపండి. డీపీఎఫ్, అంటే డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టర్ గురించి భయపెడతారు. రోజూ రెండు మూడు కిలోమీటర్లు ఊర్లోనే తిరిగేవాళ్లకు ఆ భయం నిజమే, సైలెన్సర్ దారిలో ఉండే ఆ ఫిల్టర్‌లో మసి కాలాలంటే బండి కొంతసేపు వేడిగా, ఒకే వేగంతో పోవాలి. మీరు రోజూ జడ్చర్ల రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు పోతారు కాబట్టి అది దానంతట అదే కాలిపోతుంది.

ఇంకో సంగతి. మన దగ్గర పికప్ అంటే సరదా ఒక్కటే కాదండీ. మా వైపు కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, మిగతా సగంలో వెనక లైటు లేని ట్రాక్టర్, ఎదురుగా లారీ. అప్పుడు ఓవర్‌టేక్ మొదలుపెట్టి మధ్యలో బండి లాగకపోతే ఆ నాలుగు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో నాకు తెలుసు. 2019లో హాలియా దాటాక అలాంటి చోట తప్పించుకున్నాను, పక్క సీట్లో మా అమ్మ ఉంది. అప్పటినుంచి బలం తక్కువున్న బండి నా కుటుంబానికి వద్దనుకున్నాను.

దేవరకొండ_రోడ్డు:

నేను టీచర్‌ని, నల్లగొండలో ఉంటాను, స్కూలు దేవరకొండ పక్కన. రోజూ వంద కిలోమీటర్ల పైనే నేనే నడుపుకుంటూ వెళ్తాను, నాలుగేళ్లుగా. ఇక్కడ అందరూ హార్స్‌పవర్ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

నడిపే ఆనందం అంటే నాకు వేగం కాదు. పొద్దున ఏడింటికి దారి ఖాళీగా ఉన్నప్పుడు, మలుపులో స్టీరింగ్ తిప్పితే చక్రాలు ఎక్కడున్నాయో చేతికి తెలియాలి. క్లచ్ మెత్తగా ఉండాలి, రోజుకు రెండు మూడు వందల సార్లు తొక్కుతాను, సాయంత్రానికి మోకాలు చెబుతుంది. గేరు వేలితో నెట్టినట్టు పడాలి. సీటు నడుముకు ఆనాలి. ఇవేవీ మైలేజీని తినేవి కావు. ఆనందం, మైలేజీ ఒకదానికొకటి శత్రువులన్నట్టు ప్రశ్న అడిగారు, నాకు అక్కడే అభ్యంతరం. రెండింటికీ ఉమ్మడి శత్రువు ఒకటుంది, బరువు. బరువున్న బండిని కదిలించడానికి పెట్రోల్ కావాలి, ఆపడానికి పెద్ద బ్రేకులు కావాలి, మలుపులో అది ఒక పక్కకు ఒరుగుతుంది. తేలిక బండి తక్కువ తాగుతుంది, మాట కూడా త్వరగా వింటుంది.

నాది 2024 స్విఫ్ట్ మాన్యువల్. బరువు 920 కిలోల చుట్టూ, 82 హార్స్‌పవర్, కంపెనీ లెక్క 24.8. బంకులో ఫుల్ ట్యాంక్ చేయించి మళ్లీ ఫుల్ చేయించే పద్ధతిలో నాకు వచ్చేది 20 నుంచి 21. పాత నాలుగు సిలిండర్ల స్విఫ్ట్ ఇంజన్ దీనికంటే నున్నగా ఉండేది, పైన ఇంకా లాగేది, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. కానీ నలభై, యాభై వేగంలో ఊర్ల మధ్య ఇది నాకు చాలు, రోజూ దిగేటప్పుడు అలసట లేకుండా దిగుతాను. మీరు చూస్తున్న రెండు కార్లూ దీనికంటే రెండు మూడు వందల కిలోలు బరువు. మీ ఇంట్లో ఎంతమంది? నలుగురే అయితే, నెలకోసారి అత్తగారింటికి పోవడం కోసం ముప్పై రోజులూ పెద్ద బండి మోయాలా అని ఒకసారి ఆలోచించండి తమ్ముడూ. పది లక్షలు దాటితే లైఫ్ టాక్స్ స్లాబ్ కూడా మారుతుంది.

పాలమూరు_స్టీరింగ్:

అక్కా, ఇంట్లో ఆరుగురం, అమ్మానాన్నలు మాతోనే. శ్రీశైలానికి పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని అందరం ఒకే బండిలో పోతాం. అందుకే చిన్నది వద్దనుకున్నాను. బరువు మాట మాత్రం నేను అసలు ఆలోచించలేదు.

దేవరకొండ_రోడ్డు:

ఒళ్లో కూర్చోబెట్టడం మాత్రం మానేయండి తమ్ముడూ. ఐదుగురి బండిలో ఐదుగురే, అందరికీ బెల్టు ఉండాలి. బ్రేక్ గట్టిగా వేస్తే ఒళ్లో పిల్లను ఏ చేతులూ ఆపలేవు. ఆ ఒక్క రోజుకు ఇంకో బండి మాట్లాడుకోండి.

కోదాడ_ఈవీ:

ఎవరూ ఎలక్ట్రిక్ మాట ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతా. నాది టాటా నెక్సాన్ ఈవీ, 45 కిలోవాట్ అవర్ బ్యాటరీ. ఆనందం, తక్కువ ఖర్చు రెండూ కలిసి దొరికే చోటు ఇదే అని నా నమ్మకం. తొక్కిన క్షణంలోనే బలం వస్తుంది, టర్బో కోసం ఆగక్కర్లేదు. రోజూ నలభై కిలోమీటర్లంటే రాత్రి ఇంట్లో ప్లగ్ పెడితే సరిపోతుంది, పెట్రోల్ ఖర్చులో నాకు ఐదో వంతు కూడా అవడం లేదు. రాష్ట్రంలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ శాతం తగ్గకపోగా పెరుగుతుంది, మొదటిసారి చూసినప్పుడు చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను.

ఇబ్బందీ చెప్పాలి. వంద వేగంతో హైవే మీద పోతే ఒక్క ఫుల్ చార్జికి నాకు 280, 300 కిలోమీటర్లు దాటదు. కొత్త దారిలో చార్జర్ ఎక్కడుందో, అది పని చేస్తోందో లేదో ఫోన్ చేసి కనుక్కోకుండా బయల్దేరను. కిరాయి ఇంట్లో ఉండి పార్కింగ్‌లో ప్లగ్ లేనివాళ్లు దీని జోలికి పోవద్దు.

అచ్చంపేట_గ్యారేజ్:

నేను ఇరవై రెండేళ్లుగా కార్లు విప్పుతున్నాను. అన్నా, ఏ బండి అని చెప్పను, కొన్నాక ఏం జరుగుతుందో చెబుతా.

టర్బో పెట్రోల్ మంచి ఇంజనే కానీ అశ్రద్ధను ఓర్చుకోదు. ఆయిల్ కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి, చెప్పిన కిలోమీటర్లకే మార్చాలి. ఘాట్ ఎక్కి పైకి రాగానే టక్కున ఆఫ్ చేయొద్దు, ఒక నిమిషం ఆన్‌లో ఉంచితే టర్బో చల్లబడుతుంది. పోయిన ఏడాది ఒకాయన బయట ఎక్కడో చౌక ఆయిల్ పోయించుకుని వచ్చాడు, నలభై వేల కిలోమీటర్లకే టర్బో పోయింది, కొత్తదానికి అయిన ఖర్చుతో మూడేళ్ల పెట్రోల్ వచ్చేది. మైలేజీ లెక్కల్లో ఇలాంటివి ఎవరూ వేసుకోరు.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ సంగతి. ఇథనాల్‌లో పెట్రోల్ కంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి 20 శాతం కలిపిన దానితో మైలేజీ కొంత తగ్గడం సహజం. నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే, ఈ20 కోసం తయారు కాని కార్లకు ఆరేడు శాతం తగ్గుతుందని ఉంది. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో పైపులు, సీళ్లు దానికి తట్టుకునేలా ఉన్నాయి. అందుకే పాత బండి మైలేజీతో కొత్త బండి మైలేజీ పోల్చి బాధపడొద్దు.

టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి చూసుకో. నా దగ్గరికి "మైలేజీ రావట్లేదు" అని వచ్చే పది బండ్లలో నాలుగు గాలి నింపి పంపేవే. వేగం కూడా అంతే. 80 నుంచి 100కు పెంచితే గాలి అడ్డుకునే బలం ఒకటిన్నర రెట్లు అవుతుంది. జడ్చర్ల నుంచి హైదరాబాద్ దాకా 120లో పోయి వచ్చి, కంపెనీ అబద్ధం చెప్పిందంటే నేనేం చేయను?

శ్రీశైలం గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అది అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు వదలరు, దానికి కారణం ఉంది. పగలు కూడా అక్కడ బండి సత్తా చూపించే పని పెట్టుకోవద్దు. కోతులు, దుప్పులు మలుపు తిరిగేలోపు చక్రం కింద ఉంటాయి. మా గ్యారేజీకి ముందు బంపర్ మీద వెంట్రుకలతో వచ్చిన బండ్లు చూశాను, మనసు పాడవుతుంది. ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో రెండో గేరు, మూడో గేరులో మెల్లగా దిగితే వచ్చే ఆనందం వేరు, అది నలభై వేగంలోనే వస్తుంది. అక్కడ మాన్యువల్ గేరు ఉన్నవాడే అదృష్టవంతుడు, ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకులు కాలవు.

చివరికి ఒక సలహా. టెస్ట్ డ్రైవ్ షోరూమ్ వాళ్లు చెప్పిన దారిలో చేయొద్దు. నువ్వు రోజూ పోయే దారిలో చెయ్. బాపును కూడా తీసుకుపో, వెనక సీట్లో కాదు, డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టు. ముప్పై ఏళ్లు బస్సు తోలిన కాలు అది.

నల్లగొండ_లెక్కలు:

గ్యారేజ్ అన్న చెప్పిన చివరి మాట చెయ్యి. ట్రిప్ మీటర్ సున్నా చేసి ఇద్దరూ ఒకే దారిలో నడపండి. ఏం వచ్చిందో ఇక్కడ రాయి.

పాలమూరు_స్టీరింగ్:

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా, క్షమించండి. అందరి మాటలూ మా ఆవిడకు చదివి వినిపించాను, లెక్క కాగితం నాయనకు ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసి, "ఏడేండ్లా" అన్నారు, ఇంకేం అనలేదు.

డీజిల్ కూడా నడిపాను, మిర్యాలగూడ అన్న చెప్పింది నిజం, ఆ నెట్టుడు నా స్విఫ్ట్‌నే గుర్తు చేసింది. కానీ అంత ఎత్తు బండి మలుపులో నాకు నచ్చలేదు. ఎలక్ట్రిక్ మాకు కుదరదు, ఉండేది అపార్ట్‌మెంట్, ప్లగ్‌కు అసోసియేషన్ ఒప్పుకోలేదు.

పోయిన ఆదివారం పొద్దున వర్టస్ ఇంటికి తెప్పించుకున్నాం. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా నేను నడిపాను. ఏసీ ఆన్, నాకు ఎలా అలవాటో అలానే. స్క్రీన్ మీద 13.8 వచ్చింది. సిగ్గనిపించింది. జడ్చర్లలో చాయ్ తాగి తాళం నాయన చేతికిచ్చాను. ఆయన కారు నడిపి నాలుగేళ్లయింది. సీటు ముందుకు జరుపుకున్నారు, అద్దాలు సరిచేసుకున్నారు, రెండు కిలోమీటర్ల దాకా ఒక్క మాట లేదు. ముందు దూరంగా స్పీడ్ బ్రేకర్ కనబడగానే కాలు తీసేశారు, బ్రేకే తొక్కలేదు, బండి దానంతట అదే నెమ్మదించి అక్కడికి చేరింది. అరవై ఐదు, డెబ్బైలో ఆరో గేరు వేసి అలా పోనిచ్చారు. ఒకచోట లారీని దాటాల్సి వచ్చింది, నాలుగో గేరుకు దిగి తొక్కారు, అప్పుడు బండి ముందుకు దూకితే నా వైపు తిరిగి చూశారు. ఇంటి గేటు దగ్గర స్క్రీన్ మీద 19.6. అదే బండి, అదే దారి, అదే పొద్దు, అదే ఏసీ. దిగుతూ "క్లచ్ మంచిగున్నదిరా" అన్నారు. మా నాయన నోటినుంచి అది పెద్ద మాట.

దేవరకొండ అక్క చెప్పిన మాట మనసులో పడింది. శ్రీశైలానికి ఈసారి అమ్మానాన్నలను బస్సులో పంపి మేం నలుగురం కారులో పోతాం. నాయనకు బస్సే ఇష్టం కూడా. ఇక ఆ 13.8ని పదహారు దాటించడం నా పని, నాయన పక్క సీట్లో కూర్చుని నేర్పిస్తానన్నారు, రోజూ సాయంత్రం బైపాస్ దాకా.

వర్టస్ 1.0 మాన్యువల్ బుక్ చేశాం. ఇంకొకటి అడగాలి, గ్యారేజ్ అన్నా. స్విఫ్ట్‌ను ఎక్స్ఛేంజ్‌లో చాలా తక్కువకు అడుగుతున్నారు, ఇవ్వబుద్ధి కావడం లేదు. 2027లో పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కు వస్తుంది. సస్పెన్షన్, ఏసీ రెండూ బాగు చేయించి నాయనకు ఉంచితే ఎంతవుతుంది? వచ్చే శనివారం అచ్చంపేటకు తీసుకొస్తే చూస్తారా?

అచ్చంపేట_గ్యారేజ్:

తీసుకురా అన్నా. పొద్దున్నే రా, బండిని పైకి లేపి కింద చూస్తే గానీ చెప్పలేను. బాపును కూడా తీసుకురా.